రాత్రి పడుకునే ముందు జిల్లా పేజీ చూసేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?

సింగ్‌నగర్_సీను (ఫ్రిస్కో, టెక్సస్):
అందరికీ నమస్కారం. ఇక్కడికొచ్చి ఏళ్లు గడిచిపోయాయి. అయినా రాత్రి భోజనాలయ్యాక ఫోన్‌లో ఎన్టీఆర్ జిల్లా పేజీ తెరవందే నాకు నిద్రపట్టదు. మన రాత్రి వాళ్ల పొద్దు కదా, మా నాన్న కాఫీ గ్లాసు పట్టుకుని పేపరు విప్పేలోపే నేను ఇ-పేపర్ మొత్తం నమిలేసి ఉంటా. "ఇవాళ మీ వీధికి పదింటి నుంచి కరెంటు ఉండదట" అని ఫోన్ చేస్తే ఆయనకు ఒళ్లు మండుతుంది. "నా పేపరు నన్ను చదువుకోనివ్వరా" అంటారు.

మొదటి పేజీ మీద నాకంత మోజు లేదు. లోపల చిన్నక్షరాల్లో ఉంటుందే, అదీ కావాల్సింది. ఫలానా కాలనీలో పైపు పగిలింది, ఫలానా స్కూలు పూర్వ విద్యార్థుల కలయిక, శ్రద్ధాంజలి ప్రకటనలు. మా లెక్కల మాస్టారు పోయిన సంగతి నాకు శ్రద్ధాంజలి ఫొటో చూశాకే తెలిసింది. ఊళ్లో ఉన్న మా వాళ్లకు అప్పటికింకా తెలియదు.

మా ఆవిడేమో "ఫ్రిస్కో సిటీ కౌన్సిల్ ఎన్నికలు ఎప్పుడో చెప్పు చూద్దాం" అంటుంది. ఏం చెప్పను? ప్రాపర్టీ ట్యాక్స్ కట్టేది ఇక్కడ, విజయవాడ పక్క బుడమేరు వాగులో పూడిక తీశారో లేదో అన్న బెంగ అక్కడ. మీ సంగతేంటి? ఏం చూస్తారు, ఎలా చూస్తారు, ఎక్కడ ఆపుతారు?

ఎడిసన్_పెద్దాయన (న్యూజెర్సీ):
సీనూ, మీరు అదృష్టవంతులు. మేమొచ్చిన కొత్తలో ఊరి వార్త అంటే ఉత్తరం, లేదంటే ఎవరైనా ఇండియా నుంచి వస్తూ సూట్‌కేసులో పచ్చడి సీసాకు చుట్టి తెచ్చిన పేపరు. నూనె మరకల మధ్య చదివేవాళ్లం. తర్వాత యూజ్‌నెట్ అనే పాత ఇంటర్నెట్ చర్చా వేదికలో తెలుగు గుంపు ఉండేది. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు టైపు చేసుకుంటూ సినిమాలు, రాజకీయాలు, పద్యాలు అన్నీ అక్కడే కొట్టుకునేవాళ్లం.

ఈనాడు సైటు వచ్చాక ఇంకో తంటా. దాని ఫాంటు దానిది. ఆఫీసు కంప్యూటర్‌లో ఫాంటు వేసుకునే అధికారం మనకుండదు, తెరిస్తే అన్నీ పిచ్చి గీతలు. ఫైర్‌ఫాక్స్ వాడే కుర్రాళ్లు పద్మ అనే పొడిగింత (ఎక్స్‌టెన్షన్) పెట్టుకుని దాన్ని మామూలు యూనికోడ్ తెలుగులోకి మార్చుకునేవాళ్లు. ఇప్పటివాళ్లకు చెబితే నవ్వుతారు.

నాకు బాగా గుర్తున్న రోజు 2009 సెప్టెంబర్ 2. బుధవారం. నిద్రలేచేసరికి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ జాడ తెలియడం లేదని వార్త. ఆ పూట ఆఫీసులో నేనేం పని చేశానో దేవుడికి తెలియాలి. మాకు పగలంటే అక్కడ రాత్రి. నల్లమలలో చీకటి, వాన. తెల్లారితే గానీ కొత్త కబురు వచ్చే దారే లేదు. అది తెలిసి కూడా మా ఫ్లోర్‌లో ఉన్న తెలుగువాళ్లం అందరం రిఫ్రెష్ కొడుతూనే కూర్చున్నాం. ఆయనంటే గిట్టనివాళ్లు కూడా. ఇక్కడ రాత్రి పొద్దుపోయాక అక్కడ తెల్లారి, శకలాలు కనిపించాయన్న మాట వచ్చింది.

జగిత్యాల_అన్న (దుబాయ్):
ఇ-పేపర్ గిపేపర్ మా అసొంటోళ్లకు కుదరదు సార్. పొద్దున నాలుగున్నరకు బస్సు, రూముకొచ్చేసరికి రాత్రి. మాకు మా ఊరి వాట్సాప్ గ్రూపే పేపర్. చెరువు మత్తడి దుంకిందంటే వీడియో, ఎవరి బర్రె తప్పిపోయిందన్నా ఫొటో. ఇక్కడ వాట్సాప్‌ల కాల్ కలవదు, మెసేజులే. అందుకే మా అమ్మ వాయిస్ పెడతది. మాట్లాడాలంటే బోటిమ్ అనే యాప్. మా కార్మికులుండే సోనాపూర్ క్యాంపుల రాత్రి తొమ్మిది దాటితే ప్రతి మంచం మీద ఒక బోటిమ్ నడుస్తుంటది. ఒకడు మెట్‌పల్లి, ఒకడు సిరిసిల్ల, ఒకడు ఆర్మూర్. అందరి ఇంటి ముచ్చట్లు అందరికీ తెలుస్తయ్.

2025 డిసెంబర్‌ల సర్పంచ్ ఎన్నికలైనప్పుడు చూడాలె మా క్యాంపు. నాకు ఎప్పుడూ ఫోన్ చేయనోడు "అన్నా బాగున్నవా, మీ ఇంట్ల నాలుగు ఓట్లున్నయ్, ఒక్క మాట చెప్పు" అని చేసిండు. ఇద్దరు క్యాండిడేట్లూ చేసిండ్రు. మా ఆమెకు ఫోన్ చేసి చెప్పబోతే, "నువ్వు సిమెంటు పని చూసుకో, ఊరు సంగతి మేం చూసుకుంటం" అన్నది. మాట్లాడకుండా ఊకున్న.

క్రాయిడన్_కూకట్‌పల్లి (లండన్):
జగిత్యాల అన్నా, వదిన గారికి దండం పెట్టాలి.

నాకున్న జబ్బు కౌంటింగ్. 2024 జూన్ 4న అక్కడ ఎనిమిదింటికి పెట్టెలు తెరిస్తే నాకిక్కడ తెల్లవారుజామున మూడున్నర. ఒక తెర మీద టీవీ, ఇంకో తెర మీద ఎన్నికల కమిషన్ సైటు. టీవీ వాళ్ల ఆధిక్యాల అంకె కమిషన్ అంకె కంటే ఎప్పుడూ ముందే పరిగెడుతుంది. ఎవరిది నమ్మాలన్న టెన్షన్‌లోనే తెల్లారింది. 175లో 135 ఒకే పార్టీకి, కూటమికి మొత్తం 164 అని తేలాక మా ఫ్యామిలీ గ్రూప్‌లో మొదలైంది రభస. మా బాబాయి ఒక పక్క, మా అత్త కొడుకు ఇంకో పక్క. మా అత్త కొడుకుండేది అట్లాంటా, వాడు భారత పౌరసత్వం వదులుకుని చాలాకాలమైంది. ఓటు లేదు. కానీ ఆవేశం చూస్తే వాడే నామినేషన్ వేసినట్టుంటుంది. బాబాయి గ్రూప్‌లోంచి వెళ్లిపోయాడు. సంక్రాంతికి మళ్లీ చేర్చారనుకోండి.

మోడరేటర్:
పార్టీ పేర్లతో, కులాల పేర్లతో రాసిన రెండు పోస్టులు తీసేశాను. ఎవరికి ఎన్ని సీట్లు వచ్చాయన్నది వార్త. ఎందుకొచ్చాయన్న దానికి వేరే దారం (థ్రెడ్) ఉంది, అది ఇప్పటికే మూడుసార్లు మూతపడింది. ఇక్కడ వద్దు.

బెంజిసర్కిల్_మాస్టారు (విజయవాడ):
నేను ఇక్కడే, ఊళ్లోనే ఉన్నవాణ్ని. మీ ముచ్చట చదువుతుంటే ఒక మాట చెప్పాలనిపించింది, కోపం తెచ్చుకోకండి నాయనా.

2024 సెప్టెంబర్ 1న మా చెల్లెలింట్లో, సింగ్‌నగర్‌లో, కింది అంతస్తు మునిగింది. వాళ్లు పైకెక్కారు. కరెంటు లేదు. ఇంట్లో రెండు ఫోన్లు. ఆ రెండింటి ఛార్జింగ్ ఎలా అయిపోయిందో తెలుసా? అమెరికా నుంచి ఇద్దరు మేనల్లుళ్లు, సింగపూర్ నుంచి ఒకడు, హైదరాబాద్ నుంచి వియ్యంకులు, అరగంటకోసారి ఫోన్. "ఎలా ఉన్నారు? నీళ్లు ఎంతవరకు వచ్చాయి?" పడవ వాళ్లను పిలుద్దామనుకునే వేళకు ఫోన్ లేదు. పక్క మేడ వాళ్లకు కేకేసి చెప్పి పంపారు. మీ ప్రేమ తప్పని అనను. కానీ వార్త తెలుసుకోవడం కూడా ఒక్కోసారి బరువే, మోయాల్సింది ఇక్కడివాళ్లు.

ఇంకొకటి. ఆ మూడు రోజులూ టీవీల వాళ్లందరూ ప్రకాశం బ్యారేజీ మీదే ఉన్నారు. చూడ్డానికి బాగుంటుంది మరి, 11 లక్షల 43 వేల క్యూసెక్కులు. ఆ బ్యారేజీ కట్టాక అంత వరద ఎప్పుడూ రాలేదు. కొట్టుకొచ్చిన పడవలు గేట్లకు గుద్దుకోవడం, అదీ చూపించారు. నది ఒడ్డునున్న కృష్ణలంకకు రిటైనింగ్ వాల్ అడ్డుంది, నిలిచింది. ఊరిని ముంచింది వెనక నుంచి వచ్చిన బుడమేరు. వెలగలేరు దగ్గర దాని గేట్లెత్తారు, ఆ నీళ్లను కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ కాలువకు గండ్లు పడ్డాయి. కృష్ణే నిండు గర్భిణిలా ఉంటే ఈ నీళ్లు అందులో కలిసేదెలా? దాంతో జనం మీద పడ్డాయి. మీరు దూరం నుంచి ఏ నది చూస్తున్నారు, మేం ఏ నీళ్లలో ఉన్నాం!

సింగ్‌నగర్_సీను (ఫ్రిస్కో, టెక్సస్):
మాస్టారూ, మీ చెల్లెలు గారిది ఏ రోడ్డో గానీ మా అమ్మానాన్నలదీ అదే కథ. మీరన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. మాకు అప్పుడు శనివారం సాయంత్రం, లేబర్ డే సెలవుల వారాంతం. ఛానల్ ఏది పెట్టినా బ్యారేజీయే. మా నాన్న రెండే ముక్కలు మెసేజ్ పెట్టారు: "మెట్లు ఆరు మునిగాయి. ఫోన్ చేయకు."

ఆయనకు చేయలేక, కూర్చోలేక, మా వీధిలో పాలు పోసే కుర్రాడి నంబరు పట్టుకున్నా. వాడు ఫ్లైఓవర్ పక్కన పొడి నేల మీద ఉన్నాడు, బండి బ్యాటరీతో ఛార్జింగ్ పెట్టుకుంటున్నాడు. ఏ వీధిలోకి ట్రాక్టర్ వెళ్తోంది, పడవ ఎక్కడిదాకా వస్తోంది, డ్రోన్‌తో అన్నం పొట్లాలు ఏ మేడల మీద వేస్తున్నారు, అన్నీ వాడే చెప్పాడు. వాడు చెప్పింది ఏ ఛానల్లోనూ లేదు. మా బ్లాక్ వాళ్లం పదిమంది ఆరు దేశాల్లో ఉన్నాం, అందరం వాడి మెసేజ్‌ల మీదే బతికాం. తర్వాత వాడికి తలా కొంత వేసి బండి కొనిచ్చాం, అది వేరే సంగతి.

నాలుగైదు రోజులకు ఇంకోటి తిరిగింది. "బుడమేరు కట్ట మళ్లీ తెగింది, పారిపోండి" అని. ఫార్వర్డ్ మా గ్రూప్‌లోకి వచ్చింది బే ఏరియా నుంచి. అధికారులు కాదని చెప్పేలోపు మా పిన్ని వాళ్లు మంచం మీదున్న తాతయ్యని ఎత్తుకుని మేడెక్కించారు. అప్పట్నుంచి మా గ్రూప్‌లో ఒక కట్టడి పెట్టుకున్నాం: వరద గురించి ఊళ్లో ఉన్నవాళ్లే రాయాలి, బయటివాళ్లు చదవాలి. ఎవరికైనా మరీ ఆత్రంగా ఉంటే బ్యారేజీ అంకెలు చూసుకోండి. 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 5.69కి రెండోది. యాంకర్ అరుపు కంటే అవి నయం.

యారాడ_కొండ (మెల్‌బోర్న్):
వరదల మధ్య క్రికెట్ మాట తెస్తే బాగుండదేమో గానీ, "జాతీయ" సరదాల మాట ఎవరూ ఎత్తలేదేంటి? మాది వైజాగ్. ఇక్కడికొచ్చిన కొత్తలో ఇండియా మ్యాచ్‌కు నీలం జెర్సీ వేసుకుని వెళ్లడం, అరవడం, రావడం. అంతే. 2024 డిసెంబర్ 28న ఇక్కడి ఎంసీజీ మైదానంలో, ఆస్ట్రేలియాతో టెస్ట్‌లో మాత్రం వేరే అయింది. నితీశ్ కుమార్ రెడ్డి 99 మీద ఉన్నాడు. బుమ్రా అవుటయ్యాడు. ఆఖరి వికెట్, వస్తున్నది సిరాజ్. కమిన్స్ ఓవర్లో ఇంకా మూడు బంతులు. నా పక్కన ఒక పంజాబీ కుటుంబం, వెనక గుజరాతీ కుర్రాళ్లు, ముందు పచ్చ టోపీ పెట్టుకున్న ఆస్ట్రేలియా తాత. సిరాజ్ ఒక్కో బంతి ఆపుతుంటే అందరూ సెంచరీ కొట్టినట్టు లేచి నిలబడ్డారు. తర్వాత బోలండ్ బంతిని నితీశ్ నేరుగా ఎత్తి ఫోర్ కొట్టాడు. మోకాలి మీద కూర్చుని బ్యాట్ నిలబెట్టి దాని మీద హెల్మెట్ పెట్టాడు. స్టాండ్స్‌లో వాళ్ల నాన్న ఏడుస్తున్నారు. కొడుకు ఆట కోసం ఉద్యోగం వదిలేసిన మనిషి.

అప్పుడు నేను "మనోడు! మా గాజువాక వైపోడు!" అని తెలుగులో అరుస్తున్నా. ఆ తాత వెనక్కి తిరిగి, "మీ బంధువా?" అని అడిగాడు. అవునన్నా. ఆ క్షణానికి అవును మరి! మ్యాచ్ మనం 184 పరుగులతో ఓడిపోయాం, ఆ బాధ నాకు ఇప్పటికీ పెద్దగా లేదు.

క్రాయిడన్_కూకట్‌పల్లి (లండన్):
యారాడ అక్కా, నాది 2025 ఆగస్ట్ 4, ఓవల్ మైదానంలో ఇంగ్లండ్‌తో టెస్ట్. ఐదో రోజు పొద్దున ఇంగ్లండ్‌కు 35 పరుగులు కావాలి, చేతిలో నాలుగు వికెట్లు. ముందు రోజు బ్రూక్ క్యాచ్ పట్టి సిరాజ్ బౌండరీ తొక్కాడు కదా, హైదరాబాద్‌లో మా ఫ్రెండ్స్ గ్రూప్ నిండా వాణ్ని తిట్టిన తిట్లే. గంట గడిచేసరికి అదే గ్రూప్‌లో "మన హైదరాబాద్ పోరడు" అని దండలు. ఆరు పరుగుల తేడాతో గెలిపించాడు. వోక్స్ చెయ్యి కట్టుతో దిగితే స్టేడియం అంతా చప్పట్లు కొట్టింది, మనవాళ్లతో సహా. గ్రూప్‌లో ఆ ముక్క రాస్తే ఎవరూ పట్టించుకోలేదు.

జగిత్యాల_అన్న (దుబాయ్):
మీరు స్టేడియంల చూస్తరు, మేం క్యాంపుల చూస్తం. 2025 సెప్టెంబర్ 28, ఆసియా కప్ ఫైనల్, ఇదే దుబాయ్‌ల. ఇండియా, పాకిస్తాన్. టికెట్టు మా జీతానికి అందేది కాదు. మెస్ హాల్‌ల టీవీ ముంగట ఒక దిక్కు మేం, ఒక దిక్కు పెషావర్, ముల్తాన్ వాళ్లు. ఆ ఏడాది మే నెలల రెండు దేశాల నడుమ కొట్లాట ఎట్లయిందో అందరికీ తెలుసు. సూపర్‌వైజర్ ముందే చెప్పిండు: గొడవైతే ఇద్దరినీ పంపిస్త అని. మూడు వికెట్లు తొందరగా పడ్డయ్. అంతా సప్పుడు బంద్. తిలక్ వర్మ, మన హైదరాబాద్ పిల్లగాడు, 69 నాటౌట్ కొట్టి ఐదు వికెట్లతో గెలిపించిండు. మేం మస్తు ఎగిరినం, కానీ హాల్ బయటికి పోయి ఎగిరినం.

అక్కడ గ్రౌండ్‌ల చేతులు కలపలే, కప్పు తీసుకోలే. టీవీల రాత్రంతా అదే. పొద్దుగాల నాలుగున్నరకు అదే బస్సు, నా పక్క సీటు ఖాన్ భాయ్. "మీ పోరడు మంచిగ ఆడిండు" అన్నడు. నేను "మీ బౌలింగ్ కూడా" అన్న. ఆయనకు నేను వెల్డింగ్ నేర్పిన, నాకు జరమొస్తే ఆయన రొట్టె చేసి పెట్టిండు. మా ఊరి గ్రూప్‌ల ఈ ముచ్చట పెడితే ఒకడు నన్ను "దేశద్రోహి" అన్నడు. వాడు ఊరు దాటి కరీంనగర్ కూడా పోలే.

కదిరి_మల్లెలు (కువైట్):
అన్నా, నీ మాట చదివి రాయకుండా ఉండలేకపోతున్నా. నేనిక్కడ ఆసుపత్రిలో నర్సుని. ఆ మే నెలలో రాత్రి డ్యూటీ. విరామంలో ఫోన్ తీస్తే మన ఛానళ్లలో సైరన్ మోత. ఒకరు కరాచీ రేవు తగలబడిందన్నారు, ఇంకొకరు ఇంకేదో పట్నం మనదైపోయిందన్నారు. ఏదీ నిజం కాదని తర్వాత తేలింది. నా వార్డులో పాకిస్తానీ డాక్టరమ్మ కూడా అదే టైంలో తన ఫోన్ చూసుకుంటోంది. వాళ్ల ఛానళ్లలో వాళ్ల గెలుపులు. ఇద్దరం ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుని రౌండ్స్‌కు వెళ్లాం.

తెల్లారాక మా అమ్మ మెసేజ్. గోరంట్ల మండలం కల్లితండా అబ్బాయి, మురళీ నాయక్, సరిహద్దులో చనిపోయాడని. అగ్నివీరుగా చేరిన పిల్లాడు. కూలి పనులకు ముంబయి వెళ్లిన తల్లిదండ్రులు. మా కదిరికి ఎంత దూరం అది! రాత్రంతా అరిచిన టీవీలో నిజమైన ముక్క ఒక్కటీ లేదు. నిజమైనది మా పక్క తండాకు వచ్చింది. ఆ రోజు డ్యూటీ ఎలా చేశానో. ఆ తండా వైపు వాళ్లు ఇక్కడ డ్రైవర్లుగా, ఇళ్లల్లో పనివాళ్లుగా చాలామంది. సాయంత్రం ఒకరి రూములో చేరి దీపం పెట్టారు.

ఇంకో వైపు కూడా చూడండి. మనమే అక్కడి వార్తలు చూస్తామనుకుంటాం, వాళ్లు ఇక్కడివి చూస్తారు. 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికులుండే బిల్డింగ్‌లో మంటలు. 45 మంది మనవాళ్లు పోయారు, ఎక్కువమంది మలయాళీలు. ఆంధ్రావాళ్లు ముగ్గురు. మా అమ్మకు మంగాఫ్ ఎక్కడో, నేనెక్కడో తెలియదు. టీవీలో "కువైట్" అని పడితే చాలు. నేను షిఫ్టులో ఉండి ఫోన్ ఎత్తేసరికి మా ఇంటి ముందు వీధి వీధంతా ఉంది. ఆ తర్వాత ఊరెళ్లినప్పుడు నా రూమ్మేట్ నంబరు, వార్డు నంబరు మా ఇంటి గోడ మీద రాసిపెట్టి వచ్చా.

ఎడిసన్_పెద్దాయన (న్యూజెర్సీ):
అమ్మా, ఆ నంబరు గోడ మీద రాయడం అందరూ చేయాల్సిన పని. ఇక్కడ ఎక్కడో కాల్పులని అక్కడ స్క్రోలింగ్ పడితే, రెండు వేల మైళ్ల దూరంలో ఉన్న పిల్లలకు కూడా ఫోన్లే ఫోన్లు.

ఓటు సంగతి ఒకటి అడగాలి. మావాడు ఇంకా భారత పాస్‌పోర్టు మీదే ఉన్నాడు, హెచ్1 ఉద్యోగ వీసాలో. ఇక్కణ్నుంచి ఓటెయ్యొచ్చని ఎవరో చెప్పారట. నిజమేనా?

బెంజిసర్కిల్_మాస్టారు (విజయవాడ):
అక్కణ్నుంచి వెయ్యడం కుదరదండీ. ఎన్నికల డ్యూటీలు చేసినవాణ్ని కాబట్టి చెబుతున్నా. 2011 నుంచి ప్రవాసులు ఫారం 6ఏ పెట్టుకుని, పాస్‌పోర్టులో ఉన్న చిరునామాను బట్టి ఆ ఊరి జాబితాలో పేరు చేర్చుకోవచ్చు. ఇంకో దేశం పౌరసత్వం తీసుకుని ఉండకూడదు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. ఓటు మాత్రం ఆ బూత్‌కు స్వయంగా వచ్చి, ఒరిజినల్ పాస్‌పోర్టు చూపించి వెయ్యాలి. అందుకే చూడండి, 2024 లోక్‌సభ ఎన్నికలకు దేశం మొత్తం మీద లక్షా 19 వేల మంది ప్రవాసులు పేర్లు రాయించుకుంటే వచ్చి వేసింది 2,958 మంది. అందులో 2,670 మంది కేరళవాళ్లే. మన అరుపుల లెక్కకు మన ఓట్ల లెక్క ఎక్కడా సరిపోదు.

క్రాయిడన్_కూకట్‌పల్లి (లండన్):
మాస్టారూ, చివరి వాక్యం మా అట్లాంటా బావకు పంపిస్తున్నా. మీ పేరు చెప్పను లెండి.

జగిత్యాల_అన్న (దుబాయ్):
సార్, ఒరిజినల్ పాస్‌పోర్టు అంటున్నరు. నాది కంపెనీ ఆఫీసుల ఉంటది, సెలవు మీద పోయేటప్పుడే చేతికిస్తరు. ఫారం పెట్టుడు ఎట్ల?

బెంజిసర్కిల్_మాస్టారు (విజయవాడ):
ఫారానికి కాపీలు చాలు బాబూ. ఫొటో పేజీ, చిరునామా పేజీ, చెల్లుబాటులో ఉన్న వీసా. ఫోన్‌లో ఫొటోలు ఉంటే సరిపోతుంది. ఓటెయ్యడానికి వచ్చేవేళకు పాస్‌పోర్టు ఎలాగూ నీ చేతిలోనే ఉంటుంది, లేకపోతే విమానం ఎక్కనివ్వరుగా. ఇంతకీ నీ పేరు ఊళ్లో మామూలు జాబితాలో ఇంకా ఉందేమో ముందు అది చూసుకో. రెండుచోట్లా ఉండకూడదు.

జగిత్యాల_అన్న (దుబాయ్):
ఉన్నట్టే ఉంది సార్. మొన్న ఆ ఇద్దరు క్యాండిడేట్లు లెక్కపెట్టిన నాలుగు ఓట్లల్ల నాది కూడా ఒకటి. ఇంటికి బోటిమ్ కొట్టి అడుగుత.

మోడరేటర్:
ఫారం 6ఏ ప్రశ్నలకు వేరే దారం తెరిచాను, మాస్టారి రెండు జవాబులూ అక్కడ పైన పెట్టాను. ఇది జిల్లా పేజీల వాళ్ల కోసం తెరిచే ఉంటుంది.